మచ్చుకు పంపిన పిల్ల

నాది బట్టల కొట్టు. పదహారు రకాల తెల్లగుడ్డని కళ్ళు మూసుకుని, బొటనవేలితో తడిమి ఏది ఏదో చెప్పగలను. బజారులో నాకు ఆ పేరుంది.

నాకు తొమ్మిదేళ్ళ కవలపిల్లలున్నారు. ఇద్దరూ అచ్చుగుద్దినట్టు ఉంటారు. ఒకతి గలగల. లేచిన దగ్గర్నుంచి దాని నోటికి తాళం ఉండదు. రెండోది బెల్లంకొట్టిన రాయి. అందుకే దాన్ని రాయమ్మ అంటాం. కొట్లో నేను గుడ్డ కొలుస్తుంటే గలగల ఒక కొస పట్టుకుని కొనేవాళ్ళతో కబుర్లాడేది. రాయమ్మ అంచుకి అంచు కలిపి మడతపెట్టేది. ఎవరు ఎవరో నాకు నోటిని బట్టి తెలిసేది. ముఖం పరికించి చూడాల్సిన పని పడలేదు.

నా భార్య పోయిన ఏడాదికి మా వదిన వచ్చింది. ఆమె నా భార్యకి అక్క. వేరే ఊళ్ళో బట్టలు కుడుతుంది. పిల్లల్లేరు.

"ఇద్దర్నీ ఒక్కడివే ఎలా సాకుతావయ్యా? ఒకదాన్ని నాకివ్వు."

నేను లెక్క వేసుకున్నాను. రాయమ్మ పనిమంతురాలు, పైగా పేచీ లేదు. గలగల ఎక్కడైనా ఇట్టే కలిసిపోతుంది.

"గలగలని తీసుకెళ్ళు. ముందు పది రోజులు మచ్చుకి ఉంచుకో వదినా. నచ్చితే అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాను. ఏ సరుకైనా మచ్చు చూడందే నేను మాట ఇవ్వను. తానుల వెనక పిల్లలిద్దరూ వింటున్నారన్న ధ్యాసే లేదు.

మర్నాడు పొద్దున్నే గలగల తన ఎర్రగౌనులో వదినతో బస్సెక్కింది. తల వంచుకుంది, ఒక్కమాటా లేదు. బెంగపడుతోందిలే అనుకున్నాను.

ఇంట్లో మిగిలిన పిల్ల నాలుగు రోజులూ నోరు మెదపకుండా పని చేసింది. మడతలే వంకరపోయాయి.

"ఏంటి రాయమ్మా, చేతులెక్కడ పెట్టుకున్నావ్?" అని రెండుసార్లు కసిరాను. విప్పి మళ్ళీ మడిచింది. ఇల్లు ప్రశాంతంగా ఉంది. నా లెక్క తప్పలేదనే అనుకున్నాను.

ఐదోరోజు వదిన ఫోన్ చేసింది.

"ఏమయ్యా, వసపిట్ట అన్నావు! 'ఊ' తప్ప ఇంకో మాట రావట్లేదు. పొద్దస్తమానం మిషన్ పక్కన కూర్చుని గుడ్డపీలికలు కూడా అంచులు కలిపి మడుస్తోంది. ఒంట్లో బాగానే ఉందా దీనికి?"

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాను.

"గలగలా."

పిల్ల చేతులు ఆగిపోయాయి.

"మాట్లాడవేమే?"

"మాట్లాడితే పంపించేస్తావుగా." గొంతు బొంగురుగా వచ్చింది.

"మరి అదెందుకెళ్ళింది?"

"నేను ఏడ్చాను నాన్నా. అప్పుడది నా గౌను తొడుక్కుంది. 'నేనెక్కడున్నా ఒకటేనే. నువ్వు లేకపోతే నాన్నకి పొద్దుపోదు' అంది."

పట్టపగలే కొట్టు మూసి, పిల్లని తీసుకుని బస్సెక్కాను.

రాయమ్మ మిషన్ పక్కనే ఉంది. మమ్మల్ని చూసినా లేవలేదు.

"పది రోజులు కాలేదు కదా నాన్నా. నేను నచ్చలేదా?"

వదిన నన్నూ, పిల్లలిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఒకర్ని పంపుతానని చెప్పి ఇంకొకర్ని పంపావా?"

"వాళ్ళే మారారు వదినా. కన్నతండ్రినై ఉండి నేను గుర్తుపట్టలేదు."

ఆమె కత్తెర కింద పెట్టేసింది. నేనే మళ్ళీ అన్నాను.

"ఎవర్నీ ఇవ్వలేను. కొట్టు పక్కగది ఖాళీగా ఉంది. మిషన్ తెచ్చుకుని నువ్వే వచ్చెయ్యి."

"నన్ను కూడా మచ్చుకేనా?"

"కాదు వదినా. ఉండిపోవడానికి."

వదిన కళ్ళొత్తుకుంది. నెల తిరక్కుండా వచ్చేసింది. రాయమ్మ ఆమె పక్కన కూర్చుని గుండీలు కుడుతుంది, అప్పుడప్పుడు నాలుగు మాటలు కూడా చెబుతుంది. గలగల మళ్ళీ కొనేవాళ్ళతో కబుర్లాడుతోంది. కాకపోతే నోరు తెరిచే ముందు ఒక్క క్షణం ఆగి నా ముఖం చూస్తుంది. నేను చేతిలో పని వదిలేసి, "చెప్పమ్మా" అంటాను. అన్నాకే మొదలుపెడుతుంది.