దిండు పొదిగిన మనిషి

పొద్దున్నే ఆమె చేసే మొదటి పని కోళ్ళ షెడ్డు తలుపు తీసి నేల తడిమి చూడటం. రంపప్పొట్టు పొడిగా ఉండాలి. ఎక్కడైనా చేతికి తడి తగిలితే ఆ చోటంతా ఎత్తేసి కొత్త పొట్టు పోస్తుంది. సిల్కీ కోళ్ళు మామూలు కోళ్ళలా కాదు. వాటి ఒంటిమీద ఉన్నవి ఈకలంటే ఈకలు కాదు, బొచ్చంటే బొచ్చు కాదు. నీళ్ళని జారనివ్వవు, పీల్చేసుకుంటాయి. ఒక్కసారి తడిస్తే ఎవరో ఒకరు ఆరబెట్టేదాకా ముడుచుకుని వణుకుతూ కూర్చుంటాయి. అందుకే షెడ్డులో మేకుకి ఒక హెయిర్ డ్రయర్ వేలాడుతూ ఉంటుంది. ఎగరలేవు కాబట్టి పైన కర్రలు కట్టలేదు. జానెడు ఎత్తులో ఒక చెక్క, దానిమీదికి ఎక్కడానికి ఇంకో ఏటవాలు చెక్క పెట్టింది. ఆ సౌకర్యం కూడా వాడుకోవు. అన్నీ ఒక మూల కుప్పగా పడి నిద్రపోతాయి. కళ్ళమీద పడే జుట్టు నెలకోసారి కత్తిరించకపోతే గిన్నె ఎక్కడుందో తెలీక గోడని పొడుస్తాయి.

మొత్తం తొమ్మిది. అందులో పెద్ద పెట్ట పేరు దిండు. ఎప్పుడు చూసినా దేన్నో ఒకదాన్ని పొదుగుతూ ఉంటుంది. గుడ్లు తీసేస్తే గులకరాయి, రాయి తీసేస్తే పాత తాళంకప్ప, అదీ తీసేస్తే ఖాళీ నేల.

ఆమె మొగుడు కటింగ్ మాస్టరు. సొంత అన్నగారి కుట్టుకేంద్రంలో స్కూలు యూనిఫారాలకి గుడ్డ కత్తిరిస్తాడు. పదకొండేళ్ళుగా చొక్కాల ఎడం చేతులే. కుడి చేతులకి ఇంకో మాస్టరున్నాడు. పొద్దున వెళ్ళేవాడు, సాయంత్రం వచ్చేవాడు, తినేవాడు, పడుకునేవాడు. ఇంట్లో పోట్లాటలు లేవు. పోట్లాడాలన్నా ఏదో ఒకటి మాట్లాడాలి కదా. కోళ్ళతో రోజంతా వాగే మనిషి ఆమె. అతను గుమ్మంలో అడుగుపెట్టగానే మాటలన్నీ ఎక్కడికి పోయేవో తెలీదు.

ఒకరోజు కత్తెరకి బొటనవేలు తెగింది. గుడ్డ ఎర్రబడిందని పక్కవాడు చెప్పేదాకా అతనికి తెలీలేదట. కట్టు కట్టించుకుని మధ్యాహ్నమే వచ్చేశాడు. ఇంట్లోకి రాకుండా తిన్నగా షెడ్డు దగ్గరికి వెళ్ళి, చెప్పులు బయట విడిచి, పొట్టులో మోకాళ్ళు ముడుచుకుని పక్కకి తిరిగి పడుకున్నాడు.

దిండు తాళంకప్ప మీంచి లేచింది. అతని చుట్టూ ఒక చుట్టు తిరిగి, మెడ చాచి చెవి దగ్గర చూసి, పైకెక్కి కూర్చుని రెక్కలు కాస్త విప్పి సర్దుకుంది. దోసెడంత కోడి, ఆరడుగుల మనిషి. అయినా సరిపోయాడు. మడమలు మాత్రం బయటికొచ్చాయి. ఆమె వాటిమీద ఇంత పొట్టు వేసింది.

పక్కింటి మామ్మ ముప్పై ఏళ్ళు కోళ్ళు పెంచిన మనిషి. గోడ మీంచి చూసి, ఎప్పుడు కూర్చుందని అడిగింది. ఇందాకే అంటే వేళ్ళమీద లెక్కపెట్టి, ఇరవై ఒకటో రోజు ఏ తారీకు అవుతుందో చెప్పింది. తొందరపడి మధ్యలో లేపొద్దంది. తిండి సంగతి ఆమె అడగలేదు, మామ్మా చెప్పలేదు. గుడ్డుకి ఎవరూ అన్నం పెట్టరు.

సాయంత్రం బావగారు స్కూటరేసుకుని వచ్చాడు. షెడ్డులోకి తొంగిచూసి తల పట్టుకున్నాడు.

"స్కూళ్ళు తెరిచే ముందే పడుకోవాలా వీడు? పని లేనప్పుడు పడుకుంటే నేనే పరుపు కొనిచ్చేవాణ్ణి కదమ్మా. ఇప్పుడు అన్నీ కుడిచేతులే ఉన్నాయి నా దగ్గర."

ఆమె టీ ఇచ్చింది. ఆయన తాగి వెళ్ళిపోయాడు.

రోజుకి మూడుసార్లు గుడ్డు తిప్పాలి. దిండు ముక్కుతో తోసేది గానీ దాని బలం చాలేది కాదు. ఆమె భుజం కింద చెయ్యి పెట్టి పొద్దున ఎడమకి, మధ్యాహ్నం కుడికి, సాయంత్రం మళ్ళీ ఎడమకి తిప్పేది. దిండు రోజుకోసారి గింజలు తినడానికి లేస్తే, అది తిరిగొచ్చేదాకా దుప్పటి కప్పి ఉంచేది. ఏడో రోజు మామ్మ టార్చిలైటు తెచ్చింది. ఇద్దరూ దుప్పటి ముసుగేసుకుని అతని వీపుకి ఆనించి వెలిగించారు. ఎర్రటి వెలుగులో సన్నసన్నటి నరాలు, మధ్యలో కొట్టుకుంటున్న ఒక చుక్క.

"నిలబడ్డాడు," అంది మామ్మ.

సంతోషం వేస్తుందేమోనని ఆమె కాసేపు చూసింది. ఏమీ వెయ్యలేదు. దుప్పటి మడతపెట్టి లోపల పెట్టింది.

పద్దెనిమిదో రోజు సాయంత్రం, ఇంక తిప్పొద్దని చెప్పడానికి మామ్మ వచ్చింది. బావగారు కూడా అక్కడే టీ తాగుతున్నాడు.

"ఇప్పట్నుంచీ లోపలికి వినపడుద్ది," అంది మామ్మ. "ఏ గొంతు విని బయటికొస్తే ఆ గొంతు వెనకాలే పోతారు. తర్వాత మార్చడం ఎవరివల్లా కాదు. నాలుగు మాటలు మాట్లాడుకో పిల్లా."

బావగారు గ్లాసు కింద పెట్టేశాడు. మర్నాడు పొద్దున్నే ప్లాస్టిక్ కుర్చీ, ఆర్డర్ల పుస్తకం పట్టుకుని దిగిపోయాడు. షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కొలతలు చదవడం మొదలుపెట్టాడు. భుజం పన్నెండు, చెయ్యి ఏడున్నర, చెయ్యి అంచు దగ్గర తొమ్మిది. ఆరో తరగతి అయ్యాక ఏడో తరగతి. మధ్యలో గొంతు సవరించుకుని, ఒరేయ్ వింటున్నావా అని అడిగేవాడు. పెద్దవాడు, వద్దనడానికి ఆమెకి నోరు రాలేదు. ఆయన చెడ్డవాడేం కాదు. పుస్తకంలో ఏముందో అదే చదివేవాడు.

సాయంత్రం ఆయన వెళ్ళాక ఆమె ఆ కుర్చీలో కూర్చుంది. చెప్పడానికి ఏదీ దొరకలేదు. ఇరవయ్యో రోజు కూడా ఆయన పదో తరగతి పూర్తిచేసి, రేపు పొద్దున వీణ్ణి తీసుకెళ్ళిపోతానని చెప్పి వెళ్ళాడు. కొత్త కత్తెర కూడా కొన్నాడట. ఆమె మళ్ళీ కూర్చుంది. నీళ్ళు మార్చానని చెప్పింది. రెండు గంటలకి పోయిన కరెంటు మూడింటికి వచ్చిందని చెప్పింది. చిన్న పుంజుకి కాలి బొచ్చులో మట్టి గడ్డకడితే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి తీశానని చెప్పింది. అంతే. రోజంతా ఆయన చదివిన అంకెల ముందు ఇదెంత. ఇంక లేచిపోదామనుకుంటూనే ఉన్నది ఉన్నట్టు అనేసింది.

"ఏవండీ, మీ గొంతు ఎలా ఉంటుందో నాకు గుర్తు రావట్లేదు. నిన్నట్నుంచీ గుర్తు తెచ్చుకుందామని చూస్తున్నా. మీ అన్నగారిదే వస్తోంది."

దిండు కొంచెం లేచి మళ్ళీ సర్దుకుంది. దాని కింద నించి ఒక చప్పుడు, బకెట్‌ని లోపలి నించి గోటితో కొట్టినట్టు. ఒక్కసారే.

ఆమెకి భయం వేసింది. నా వెనకాలే వస్తే, నేనెక్కడికి తీసుకెళ్ళాలి?

మర్నాడు తెల్లారేసరికి బావగారు గేటు దగ్గరున్నాడు. మామ్మ గోడ దగ్గరుంది. దిండు తనంతట తనే లేచి గింజల గిన్నె దగ్గరికి వెళ్ళిపోయింది. అతను లేచి కూర్చున్నాడు. ఒళ్ళంతా తడి, జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. ఆమె డ్రయర్ తీసి ముందు వీపు, తర్వాత తల ఆరబెట్టింది. బొటనవేలి మీద గాటు లేదు.

"పదరా, టైమైంది," అన్నాడు బావగారు.

పక్కింటి రేడియో విన్నట్టు విన్నాడతను. బావగారు పుస్తకం తీసి భుజం పన్నెండు, చెయ్యి ఏడున్నర అని చదివాడు. అతను మర్యాదగానే నిలబడ్డాడు, ఎవరికో చెప్తున్నారనుకున్నట్టు. ఆమె గిన్నె తీసుకుని కుళాయి దగ్గరికి నడిస్తే వెనకాలే నడిచాడు. గుమ్మం దగ్గరికి వెళ్తే అక్కడికీ వచ్చాడు.

బావగారికి విషయం అర్థమైంది. మెల్లగా పుస్తకం మూసి సంచిలో పెట్టాడు. తర్వాత ఇంకోటి తట్టింది.

"అయితే నువ్వు రా అమ్మాయ్. నువ్వు బల్ల పక్కన కూర్చుంటే వాడూ వచ్చి పని చేసుకుంటాడు. నీకూ కుర్చీ వేయిస్తా, ఫ్యాను కింద."

అందులో తప్పు పట్టడానికేం లేదు. ఆయన ఏ మాటన్నా ఆమె ఇన్నేళ్ళూ సరే బావగారూ అనే అంది. మామ్మ గోడ మీంచి చూస్తోంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. కొత్తగా ఆరిన మనిషి, తను ఏమంటే అది వినడానికి తల కాస్త పక్కకి వంచి నిలబడి ఉన్నాడు. అటు వెళ్తే అటు, ఇటు వెళ్తే ఇటు.

"రాను బావగారూ," అంది.

ఆమె వెనకాల అతను నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

"రాను," అన్నాడు.

గొంతు కొంచెం బొంగురుగా ఉంది. ఇలాగే ఉండేదేమో.

బావగారు స్కూటరు తిప్పుకున్నాడు. వీధి చివరిదాకా ఆ చప్పుడు వినిపించింది. ఆమె కుళాయి కట్టేసి, గిన్నె షెడ్డులోకి పట్టుకెళ్ళి, నేల తడిమి చూసింది. పక్కన ఇంకో చెయ్యి కూడా పొట్టు తడిమింది.

"ఇక్కడ తడిగా ఉంది," అన్నాడతను.