పది మాటలు

మెరిక్ టాలివర్ డాక్టర్ గది ముందు కూర్చుని పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడు. పదిహేడేళ్లుగా ఆ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు, అతనే. రెండుసార్లు కప్పు తెచ్చాడు. స్టేడియం గేటు దగ్గర బంతి విసురుతూ అతని కంచు విగ్రహం నిలబడి ఉంది. కొండల్లాంటి మనుషులు మీదికి దూసుకొస్తున్నా చెక్కుచెదరనివాడు, ఇప్పుడు ఈ చిన్న పరీక్షకు వణుకుతున్నాడు.

ఏటా సీజను ముందు డాక్టర్ పది మాటలు చదివి, కాసేపాగి తిరిగి చెప్పమంటుంది. ఆటలో తలకు దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష. మొదటిసారి కంటే తగ్గితే బెంచీ మీద కూర్చోవాల్సిందే. అందుకే మెరిక్ సీజను ముందు పరీక్షలోనే, గుర్తున్నా కావాలని సగం మాటలు మింగేసేవాడు. ఎంత దెబ్బ తగిలినా తేడా బయటపడేది కాదు.

మొన్న సొంత వీధిలోనే కారు ఆపి, ఇల్లెటో తెలియక దిక్కులు చూస్తుంటే భార్య లోర్నా కంటబడ్డాడు.

"ఈ ఒక్కసారి పరీక్షలో నిజం చెప్పు మెరిక్. బాగుంటే ఆడు. లేదా మానెయ్," అంది ఏడుస్తూ. మాట ఇచ్చాడు.

డాక్టర్ ప్రూయిట్ లోపలికి పిలిచి మాటలు చదివింది. కాసేపు ఏవో లెక్కలు చేయించింది.

"ఇప్పుడు చెప్పు."

"గుర్రం... దువ్వెన... పొగ..."

ఆ తర్వాత ఎంత వెతికినా ఏమీ దొరకలేదు.

ఆమె పకపకా నవ్వింది. "ఏటా ఇదే నాటకమా ముసలోడా? సర్లే, పోయి ఆడుకో."

"ఈసారి నాటకం కాదు డాక్టరమ్మా."

"అబ్బో! మొహం కూడా భలే పెట్టావే!"

 మెరిక్ లేచి బయటికొచ్చాడు.

పక్క గదిలో అవే మాటలతో పరీక్ష ముగించుకుని, అతని తర్వాత క్వార్టర్‌బ్యాక్ కావలసిన కుర్రాడు టియో ఎదురొచ్చాడు.

"గురూ, నువ్వు నేర్పినట్టే! నాలుగే చెప్పా. మిగతావన్నీ ఇక్కడే ఉన్నాయి," అని తల తట్టుకున్నాడు. "గుర్రం, దువ్వెన, పొగ, నిచ్చెన, తేనె, గంట, నది, కోటు, దీపం, నాణెం. ఎలా ఉంది?"

నిచ్చెన. తేనె. ఆ మాటలు తనకెవరూ చదవనే లేదని మెరిక్ ఒట్టేసి చెప్పగలడు.

"ఇంకోసారి చెప్పరా," అన్నాడు.

టియో మొహంలో నవ్వు ఆరిపోయింది. "ఏమైంది గురూ?"

మెరిక్ అతని చెయ్యి గట్టిగా పట్టుకుని, డాక్టర్ గది తలుపు మళ్లీ తోశాడు.

"లోపలికి రా. నాటకం మానేసి ఆ పదీ ఆమెకు చెప్పు. తర్వాత నేను చెప్పేది ఆమె నమ్మేదాకా ఇక్కడే ఉండు."