రెండు తెడ్ల పడవ

ఇకుయో పొద్దున లేస్తూనే బాయిలరు వెలిగిస్తుంది. అది వేడెక్కేలోపు మిసో చారు పొయ్యి మీద పెడుతుంది, చారు మరిగేలోపు కొట్టు తలుపు పైకెత్తుతుంది. ఇసోహమ రేవులో చేపల కంపు కొట్టని చొక్కా ఎవరి ఒంటి మీదైనా కనిపించిందంటే, అది ఇకుయో, తమోత్సుల లాండ్రీలో ఉతికిందే. బట్టలు తీసుకోవడం, జేబులు వెతకడం, చీటీలు కట్టడం ఆమె పని. ఇస్త్రీ ఆమె మొగుడి పని. తమోత్సు మెట్లు దిగి వస్తాడు, చారు తాగుతాడు, ఇస్త్రీ బల్ల దగ్గరికి పోతాడు. ఈ మధ్యలో నోరు విప్పడు. అసలు మాటలొచ్చిన మనిషేనా అని కొత్త గిరాకీలకు అనుమానం వస్తుంది.

ఆయన వెనక కిటికీ ఉంది. అందులోంచి పొద్దుటి ఎండ పడితే, ఆయన నీడ బల్ల మీద పరిచిన తెల్ల దుప్పటి మీద పడేది. ఈ వసంతం నుంచి పడడం లేదు.

నీడ రాత్రిపూట ఇంటికి రాకపోవడం ఇసోహమలో వింతేమీ కాదు. కువాబరా గేమ్ సెంటర్‌లో ఆటకి మనసు చిక్కుకుపోయినవాడు అన్నం వేళకి ఇంటికొస్తాడు గానీ, వాడి నీడ అక్కడే కుర్చీలో కూర్చుండిపోతుంది. డబ్బు వెయ్యదు, ఎవరి జోలికీ పోదు. ఆడేవాళ్ళు లేనప్పుడు యంత్రం తనంతట తాను తెర మీద చూపించుకునే నమూనా ఆట ఉంటుంది కదా, అది తానే ఆడుతున్నాననుకుని మురిసిపోతుంది. పొద్దున చారు వాసన తగలగానే లేచి వచ్చి మనిషి కాళ్ళకు అతుక్కుంటుంది. బడి మాస్టారి నీడ, కానిస్టేబులు నీడ కూడా ఎప్పుడో ఒకప్పుడు అక్కడ తెల్లవార్లూ గడిపినవే. తమోత్సు నీడకైతే అది రెండో ఇల్లు. ఇకుయో ఏనాడూ బెంగపడలేదు. అప్పట్లో అవన్నీ ఒంటి కుర్చీ ఆటలు.

చెర్రీ పూలు రాలిపోయిన వారానికి ఒసాకా నుంచి లారీ వచ్చింది. సెంటర్ యజమాని కువాబరా కొత్త యంత్రాలన్నిటి ముందూ తలో గిన్నెడు సాకే సారా పెట్టి, చేతులు జోడించి, అప్పుడు ప్లగ్గులు పెట్టాడు. అందులో ఒకటి పడవ. నిజం పడవంత కాకపోయినా, పక్కపక్కన రెండు కుర్చీలు, రెండు తెడ్లు, ఎదురుగా తలుపంత తెర, తెర నిండా సుడులు తిరిగే నది. ఒకరు ఎడమ తెడ్డు, ఒకరు కుడి తెడ్డు. ఒకరి తరవాత ఒకరు ఒకే ఊపులో వేస్తే పడవ ముందుకు పోతుంది, ఊపు కలవకపోతే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది.

చేపలవాళ్ళు చూసి పడీపడీ నవ్వారు. "మా తాతలు తెడ్లు వేసి వేసి నడుములు విరగ్గొట్టుకున్నారు. మేం ఇంజన్లు కొనుక్కుని సుఖపడుతుంటే, మళ్ళీ నీకు డబ్బిచ్చి తెడ్డు వెయ్యాలా?" అన్నారు. వారం తిరగకముందే ఆ నవ్విన వాళ్ళే వరసలో నిలబడ్డారు.

తమోత్సుకి జత లేదు. ఆయన వెనక నిలబడ్డ మనిషికీ జత లేదు. "ఇద్దరూ కలిసి ఎక్కేయండి, వరస కదుల్తుంది" అన్నాడు కువాబరా. పాపం, ఆయన ఉద్దేశం అంతే. ఆ వెనకనున్న మనిషి మందుల కొట్టు కయోకో. మొగుడితో తెగతెంపులు చేసుకుని పుట్టినూరికి తిరిగొచ్చింది. నలభై ఇంకా నిండలేదు, మెడ పొడుగు. ఆ మెడ సంగతి ఇకుయో అంతకుముందెప్పుడూ గమనించలేదు. ఇప్పుడు దగ్గు మందుకి వెళ్ళినా ఆ మెడే కనిపిస్తోంది.

ఆ రాత్రి ఇద్దరూ ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. నీడలు మాత్రం పడవలో ఉండిపోయాయి. తెల్లారింది, చారు మరిగింది, చల్లారింది. తమోత్సు నీడ రాలేదు. మర్నాడూ రాలేదు. పూలు పోయి ఆకులొచ్చాయి, ఆకులు ముదిరి వానలు మొదలయ్యాయి. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే.

టోఫూ అమ్మే తోమె బామ్మకి ఇలాంటివి చెప్పకపోతే అన్నం సయించదు. "నిన్న సాయంత్రం అటుగా వెళ్ళానమ్మా. నీ మొగుడి నీడా, ఆ మందుల పిల్ల నీడా ఎంత ముచ్చటగా తెడ్డు వేస్తున్నాయో! ఒకే ఊపు. మా కాలంలో కొత్త దంపతులు కూడా అలా ఉండేవాళ్ళు కాదు."

"ఆడుకోనివ్వండి బామ్మా, నీడలే కదా" అంది ఇకుయో. చేతిలో టోఫూ ముక్క నలిగి వేళ్ళ సందుల్లోంచి కారింది.

"నీడలే అనుకో. ఆ మంగలి సొసుకె సంగతి మర్చిపోయావా? వానాకాలం వెళ్ళిపోయినా నీడ ఇంటికి రాకపోతే, మనిషే దాని వెంట పోతాడు. సొసుకె పోలేదూ? ఇప్పుడు వాడికి నీగాతాలో ఇంకో కాపురం ఉందిట."

ఇకుయోకి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. రాత్రి పక్క మీద పడుకుని మొగుడి మొహం వంక చూసింది. తమోత్సు నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నాడు. ఈ మనిషిని ఎవరైనా ఎగరేసుకుపోతారా అని నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. ఎగరేసుకుపోతే తనకింకెవరున్నారు?

కొట్టు సెలవు రోజున, తమోత్సు సత్రానికి దుప్పట్లు ఇవ్వడానికి వెళ్ళాక, ఇకుయో ఏప్రన్ కూడా విప్పకుండా గేమ్ సెంటర్‌కి బయల్దేరింది. ఆమెకో ఉపాయం తట్టింది. గోడ మీద రాసి లేకపోయినా, అక్కడందరూ పాటించే నియమం ఒకటుంది. ఆట అయిపోగానే వెనక్కి తిరిగి చూడాలి. ఎవరైనా నిలబడి ఉంటే మళ్ళీ నాణెం వెయ్యకుండా లేచి చోటివ్వాలి. ఒకసారి ఎవరో పడవ యజమాని వెనక మనిషి ఉండగా రెండో నాణెం వేశాడని, ఆ ఏడు పండగలో దేవుడి పల్లకీ మొయ్యడానికి ఆయన్ని ఎవరూ పిలవలేదు. నీడలకు కూడా మనుషుల మర్యాదలే ఉంటాయి. వెనక నిలబడితే లేస్తుంది. లేవగానే చొక్కా చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోవాలి.

మధ్యాహ్నం కావడంతో సెంటర్ ఖాళీగా ఉంది. తెర మీద నమూనా నది పారుతోంది. పడవలో రెండు నీడలు, ఎడమన తమోత్సుది, కుడిన పొడుగు మెడది. ఎడమ చెయ్యి పడితే కుడి చెయ్యి లేస్తోంది. తోమె బామ్మ అబద్ధం చెప్పలేదు. తమోత్సు భుజాలు అంత తేలిగ్గా కదలడం ఇకుయో పెళ్ళయిన కొత్తలో కూడా చూడలేదు.

వెళ్ళి వెనక నిలబడింది. నమూనా ఆట ఒక చుట్టు పూర్తయింది. నీడలు వెనక్కి తిరిగి చూశాయి, చటుక్కున లేచాయి. తమోత్సు నీడ నడుం వంచి ఆమెకు నమస్కరించింది. కొట్టుకి మొదటిసారి వచ్చిన గిరాకీకి ఆయన పెట్టే నమస్కారం అది. ఇకుయో చెయ్యి చాచింది గానీ, చొక్కా పట్టుకునే ధైర్యం చాలలేదు. పరాయి మనిషికి పెట్టినట్టు నమస్కారం పెడితే ఎలా పట్టుకుంటుంది? రెండు నీడలూ వెళ్ళి గోడకి ఆనుకుని పక్కపక్కనే నిలబడ్డాయి.

ఒకరు లేచి చోటిచ్చాక కూర్చోకపోతే వాళ్ళని అవమానించినట్టు. ఇకుయోకి ఆట రాదు. అయినా కూర్చుంది. ఏప్రన్ జేబులోంచి వంద యెన్ల నాణెం తీసి వేసింది. ఎడమ తెడ్డు వేస్తే పడవ కుడికి తిరిగి బండని కొట్టుకుంది. ఇంకా గట్టిగా వేసింది. ఇంకోసారి అదే బండ. ఒంటి తెడ్డుతో పడవ గిరగిరా తిరుగుతుంటే, కళ్ళలో నీళ్ళు తిరిగి నదీ తెరా ఒకటైపోయాయి.

"అలా పట్టుకుంటే భుజం పోతుంది."

తెల్ల కోటులో కయోకో నిలబడి ఉంది, చేతిలో అన్నం డబ్బాతో.

"ఏం, మీ నీడని చూసుకోవడానికొచ్చారా?" అంది ఇకుయో కళ్ళు తుడుచుకోకుండానే.

"తీసుకుపోదామని రోజూ వస్తున్నా ఇకుయో సాన్. రావడం లేదు. కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళూ ముందు నా కాళ్ళ వంక చూసి, ఆ తరవాత మందు అడుగుతున్నారు. నేనేమైనా వెళ్ళి మీ ఆయన పక్కన కూర్చోమని చెప్పానా?"

"చెప్పకుండానే కూర్చుందా?"

"నాకేం తెలుసు? మీ ఆయనా నేనూ ఇన్నాళ్ళలో మాట్లాడుకున్న మాటలు రెండే. ఎడమ, కుడి."

ఇకుయో తెడ్డు వదిలేసింది. "రెండా? నాకు ఇన్నేళ్ళ కాపురంలో మూడు దొరికాయి. అన్నం, స్నానం, నిద్ర."

"అయితే మీదే పైచెయ్యి" అంది కయోకో.

ఇద్దరిలో ముందు ఎవరు నవ్వారో కువాబరాకి తెలియలేదు. ఆయన నాణేలు మార్చే గూట్లో కునికిపాట్లు పడుతున్నాడు, ఆ నవ్వుకి ఉలిక్కిపడి లేచాడు.

"నాకు కుళ్ళుగా ఉంది కయోకో సాన్" అంది ఇకుయో. "మీ మెడ చూస్తే కుళ్ళు, మీ నీడని చూస్తే కుళ్ళు. ఇప్పుడు ఇందులో కూర్చున్నాక ఈ కుర్చీని చూసినా కుళ్ళుగానే ఉంది. ఈయన నన్నొక్కసారి రమ్మనలేదు. ఒక్కసారి."

కయోకో అన్నం డబ్బా కింద పెట్టి, కుడి కుర్చీలో కూర్చుని, తన జేబులోంచి నాణెం తీసి వేసింది. "మీరు ఎడమ. నేను కుడి. నేను అన్నప్పుడు వెయ్యండి."

మొదట బండలన్నీ తగిలాయి. తరవాత కొన్ని తప్పాయి. ఇకుయో చేతులు తడి దుప్పట్లు పిండి పిండి గట్టిపడ్డ చేతులు. ఒకసారి ఊపు దొరికాక, కయోకో "కుడి" అనేలోపే "ఎడమ" అంటోంది. ఊళ్ళో అందరి పడవలూ తిరగబడే జలపాతం ఒకటుంది. దాని దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ చిన్నపిల్లల్లా అరుస్తున్నారు. పడవ గాల్లోకి లేచి, నీళ్ళ మీద దభీమని పడి, తిరగబడకుండా ముందుకు సాగింది. తెర మీద సముద్రం వచ్చింది. కువాబరా గూట్లోంచి బయటికొచ్చి చప్పట్లు కొట్టాడు. వెనక వరసలో ఎవరూ లేరు. గోడ దగ్గర నీడలున్నాయి గానీ, నాణెం వెయ్యనివాళ్ళకి వంతు లేదన్నాడు ఆయన. ఇద్దరూ మళ్ళీ ఆడారు. కయోకో మధ్యాహ్నం భోజనం అలాగే మర్చిపోయింది.

ఇకుయో బయటికొచ్చేసరికి వాన వెలిసి ఎండ కాస్తోంది. కిందికి చూసుకుంటే ఆమె కాళ్ళ దగ్గర ఏమీ లేదు. వెనక్కి తిరిగి చూస్తే అద్దం తలుపు లోపల, పడవలో, ఆమె నీడ కయోకో నీడ పక్కన దర్జాగా కూర్చుని తెడ్డు వేస్తోంది. కూర్చునే చోటు పోయిన తమోత్సు నీడ గడప దగ్గర కాసేపు తచ్చాడింది. ఎవరూ పిలవలేదు. ఇక చేసేది లేక, తల వంచుకుని ఇకుయో వెనకే ఇంటిదాకా నడిచింది.

తమోత్సు గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు. నీడ వెళ్ళి ఆయన కాళ్ళకు అంటుకుంది. ఆయన కిందికి చూసి, "ఊఁ" అన్నాడు. తరవాత ఇకుయో కాళ్ళ వంక చూశాడు. మళ్ళీ చూశాడు.

"నీదేదీ?"

ఆయన నోట కొత్త మాట విని ఎన్నేళ్ళయిందో. ఇకుయోకి లోపల పండగలా ఉంది గానీ పైకి తేలనివ్వలేదు. "నాదా? ఆడుకుంటోంది. అన్నం పెట్టనా?"

మర్నాడు పొద్దున చారు మరిగింది, చల్లారింది. ఇకుయో నీడ రాలేదు. ఇస్త్రీ చేస్తున్నంతసేపూ తమోత్సు తల తిప్పి తిప్పి ఆమె కాళ్ళ వంకే చూశాడు. రెండు చొక్కాల కాలర్లు మాడ్చాడు. సాయంత్రం ఆమె కొట్టు తలుపు దించుతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నేనూ వస్తా."

"రండి. ఎవరొద్దన్నారు?"

సెంటర్‌కి వెళ్ళేసరికి పడవలో కయోకో ముందే ఉంది. ఎడమ కుర్చీ ఎవరికీ ఇవ్వకుండా దాని మీద తన చేతిసంచీ పెట్టింది. ఇకుయోని చూసి సంచీ తీసింది. తమోత్సు వచ్చి వాళ్ళ వెనక, వరసలో మొదటివాడిగా నిలబడ్డాడు. ఎవరు లేచి తనకు వంతు ఇస్తారో ఆయనకు తెలుసు. నియమం నియమమే కదా.

పడవ జలపాతం దాటింది, సముద్రం చేరింది, ఆట అయిపోయింది. ఇకుయో అలవాటుగా వెనక్కి తిరిగి చూసింది. మొగుడున్నాడు, ఒక కాలు అప్పుడే ముందుకు వేసి, కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇంట్లో ఒకే నీళ్ళలో ఒకరి తరవాత ఒకరు దిగే స్నానాల తొట్టిలో ఏనాడూ ఆఖరున తప్ప దిగని ఇల్లాలు ఇకుయో. బస్సులోనైనా, దుకాణంలోనైనా, తన వల్ల ఇంకొకరు నిలబడాల్సొస్తే పదిసార్లు క్షమాపణ చెప్పుకునే మనిషి. ఆమె తమోత్సు కళ్ళలోకి నిదానంగా చూసింది. తెర వైపు తిరిగింది. ఏప్రన్ జేబులోంచి ఇంకో నాణెం తీసి వేసింది.

నాణెం పడిన చప్పుడుకి సెంటర్‌లో ఉన్నవాళ్ళంతా ఆట ఆపి చూశారు. కువాబరా ఏదో పడిపోయినట్టు గూట్లో కిందికి వంగాడు.

"ఇకుయో సాన్, వెనక మీ ఆయన" అంది కయోకో గొంతు తగ్గించి.

"చూశాను. పట్టండి, మొదలైంది."

తమోత్సు వేసిన కాలు వెనక్కి తీసుకున్నాడు. వెళ్ళిపోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు జేబుల్లో, కాసేపు వీపు వెనక పెట్టుకున్నాడు. ముందు పడవలో ఆయన భార్య ఇంకొకరితో కలిసి "ఎడమ, కుడి" అంటూ విరగబడి నవ్వుతోంది. కడుపులో ఎక్కడో సన్నగా మంట మొదలైంది. దాన్నేమంటారో ఆయనకు తెలియదు. ఇంటికెళ్ళాక అడిగితే ఇకుయో చెప్పగలదు.