నేను తుడిచిన చోటల్లా

ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్లున్న అంతస్తు మొత్తం నా చేతికింద ఉండేది. నేను తుడిపించిన నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చని పెద్ద సర్జనే అనేవాడు. అనేవాడేగానీ ఎప్పుడూ తినలేదనుకోండి, అది వేరే సంగతి. అలాంటిదాన్ని, రిటైరయ్యి కాళ్ళు చాపుకుని కూర్చోవాల్సిన వయసులో నా ఇంట్లో నేను పిల్లి ఉచ్చ తుడుచుకుంటూ కూర్చుంటే ఒళ్ళు మండదా? మండింది. మండినప్పుడు దాచుకోవడం నాకు చేతకాదు. నా మొహమూ అలాంటిదే, నా గొంతూ అలాంటిదే.

పిల్లి నాది కాదు, కోడలితోపాటు వచ్చింది. పెళ్ళయి మా ఇంటికి వచ్చినరోజు ఆ పిల్ల ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చేతిలో మూతున్న ప్లాస్టిక్ బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడింది. బుట్టలోంచి బూడిదరంగు మొహమొకటి నన్ను ఎగాదిగా చూసింది.

"వీడు మా అమ్మ పెంచిన పిల్లి అత్తయ్యా. అమ్మ పోయాక వీడికింకెవరూ లేరు" అంది.

తనకి కూడా ఎవరూ లేరని మాత్రం అనలేదు. ఆ సంగతి మావాడు నాకు ముందే చెప్పి ఉంచాడు. సరేలే, పాపం, ఉండనీ అనుకున్నాను.

పిల్లికి మేనేజరని పేరు పెట్టింది నేనే. నేను గది తుడిచి బకెట్టు బయట పెట్టానో లేదో వచ్చేసేవాడు. మీసాలు కదుపుకుంటూ, మూలమూలా వాసన చూసుకుంటూ, ఏదో తనిఖీకి వచ్చినట్టు తిరిగేవాడు. "ఏం సార్, బాగుందా? సంతకం పెడతారా?" అనేదాన్ని. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. మొదట్లో ఆ నవ్వు ఉండేది మా ఇంట్లో.

ఒకరోజు చెప్పుల స్టాండు దగ్గర గుప్పుమని వాసన కొట్టింది. ఎవరు చెప్మా అని చూస్తుండగానే మేనేజరు వచ్చి, గోడకి వీపు పెట్టి, తోక నిటారుగా లేపి చిర్రున చిమ్మాడు. నా కళ్ళ ముందే! అవతల బాత్రూములో వాడి ఇసుక ట్రే ఉంది, రోజూ శుభ్రం చేసి పెడుతూనే ఉంది కోడలు. అది వదిలేసి గోడ మీద పోస్తాడా?

నా దగ్గర దానికి మందుంది. ఆస్పత్రికి సరఫరా చేసే కొట్లో ఇప్పటికీ నన్ను చూడగానే నీలం డబ్బా తీసి బల్ల మీద పెడతారు. అమ్మోనియా కలిసిన ఘాటు మందు, మూత తీస్తే కళ్ళమ్మట నీళ్ళు కారతాయి. బకెట్టు నీళ్ళకి మూతెడు చాలు. నేను కోపంలో నీళ్ళు కలపకుండానే పోసి రుద్దాను. ఉచ్చ వాసన పోయి మందు వాసన నిలిచింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పీల్చిన వాసన కదా, నాకు అదే శుభ్రం.

మర్నాడు సరిగ్గా అక్కడే మళ్ళీ పోశాడు. నేనూ మళ్ళీ రుద్దాను. ఆ తర్వాత కర్టెన్ల కింద, సోఫా వెనకాల, నా మంచం కోడు మీద. నా మంచం కోడు మీద! ఎక్కడ రుద్దితే అక్కడికే వచ్చి పోస్తాడు. రుద్దని చోటికి పోడు.

"చూశావా? కావాలనే చేస్తున్నాడు. నామీద పగబట్టాడు" అన్నాను మావాడితో.

మావాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊళ్ళో లిఫ్టులన్నీ కదిలిస్తాడుగానీ, ఇంట్లో అమ్మకీ పెళ్ళానికీ మధ్య మాటొస్తే తనే రెండంతస్తుల మధ్య ఆగిపోతాడు. నీళ్ళు నమిలి, టూల్ బ్యాగు భుజానేసుకుని డ్యూటీకి పోయాడు.

కోడలు కిక్కురుమనేది కాదు. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని తనది. రోజంతా నిలబడి వచ్చి, బ్యాగు కింద పడేసి, వాడు ఎక్కడ పోశాడోనని వంగి వంగి ఇల్లంతా వెతికేది. నాకంటే ముందు తన కంటపడితే గొడవుండదని. కర్టెన్లు విప్పి ఉతికేది. సోఫా గలీబులు ఉతికేది. పాపం, ఇంటికి వచ్చిందో, రెండో డ్యూటీకి వచ్చిందో అన్నట్టుండేది.

ఒక్కసారి మాత్రం నోరు విప్పింది. నేను కాస్త కులాసాగా ఉన్నానని చూసుకుని కాబోలు, "అత్తయ్యా, ఆ మందు కొన్నాళ్ళు ఆపి చూద్దామా? దాని వాసనకి పిల్లులు..." అంది.

నేను పూర్తిచెయ్యనిస్తేగా! "నాకు నేల తుడవడం నేర్పుతున్నావా? నువ్వు పుట్టకముందు నుంచీ తుడుస్తున్నాను నేను" అని ఎగిరాను. చేతిలో తుడుపుకర్ర ఉంది. కొట్టాలని కాదు, ఒట్టు, ఆ ఊపులో దాన్ని నేలకేసి టపీమని కొట్టాను. కోడలు ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. "ఊరికే అన్నానత్తయ్యా" అని వంటగదిలోకి పోయింది. ఆరోజంతా నేనే గెలిచినట్టు తిరిగాను.

చివరికి ఒక పొద్దున మావాడి యూనిఫాం మంచం మీదనుంచి జారి నేను రుద్దిన చోటే పడితే, దానిమీద కూడా పోశాడు మేనేజరు. ఇక నేను అగ్గి మీద గుగ్గిలమే. "ఈ ఇంట్లో వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చుకోండి" అన్నాను.

మావాడు నేల చూపులు చూశాడు. కోడలు ఏడుస్తుందనుకున్నాను, బతిమాలుతుందనుకున్నాను. "సరే అత్తయ్యా" అంది. అంతే. రెండ్రోజుల్లో వాళ్ళ షాపు క్యాషియరమ్మని ఒప్పించింది. ఆవిడ ఒక్కతే ఉంటుందట, పిల్లులంటే ప్రాణమట. కాకపోతే ముందు డాక్టరుకి చూపించి, రోగమేమీ లేదని తేల్చుకుని తీసుకురమ్మందట.

నేనూ బయల్దేరాను. సాయం వస్తానని చెప్పాను. సాయం లేదు, నా బొంద. వాడు ఇల్లు దాటిపోవడం నా కళ్ళతో చూద్దామని.

పశువుల డాక్టరు చేతులనిండా పిల్లి గీరిన గీతలే. ఇల్లంతా పోస్తున్నాడు, వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నామని కోడలు చెబితే, మేనేజరుని బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూశాడు, ఉచ్చ తీసి పరీక్ష చేశాడు. "ఏ జబ్బూ లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా ఎప్పుడో చేయించారు. మరి ఎందుకిలా చేస్తున్నాడు? ఇంట్లో ఇంకో పిల్లి ఉందా?" అన్నాడు.

"లేదండీ. మాది మూడో అంతస్తు, బయటి పిల్లులు కూడా రావు" అంది కోడలు.

"పోసినచోట దేంతో తుడుస్తారు?"

కోడలు నీలం డబ్బా పేరు చెప్పింది. డాక్టరు తల పట్టుకున్నాడు.

"అందులో అమ్మోనియా ఉంటుందమ్మా. పిల్లి ఉచ్చలో ఉండే ఘాటూ అలాంటిదే. మీకేమో శుభ్రం చేసినట్టుంటుంది. వీడికేమో ఎవడో కొత్త పిల్లి తన ఇంట్లోకి దూరి పోసి పోయినట్టుంటుంది. ఇది నా చోటు అని వీడు దానిమీద మళ్ళీ పోస్తాడు. మీరు మళ్ళీ తుడుస్తారు. పాపం వీడు ఇన్నాళ్ళూ లేని పిల్లితో కొట్లాడుతున్నాడు."

నేను ఖాళీ బుట్ట పట్టుకుని నిలబడ్డాను. నేను తుడిచిన చోటల్లా వాడు ముక్కు ఆనించి తిరగడం కళ్ళముందు ఆడింది. నేను తనిఖీ అని నవ్వుకున్నాను. వాడు మాత్రం దొంగని వెతుక్కుంటూ తిరిగాడు, ఆ దొంగేమో నేను.

"ఇంట్లో తుడిచేదెవరు?" అన్నాడు డాక్టరు.

నోరు తెరవబోయాను. తెరవబోయాననే ఇప్పటికీ అనుకుంటున్నాను. ఈలోగా కోడలు "నేనేనండీ" అంది.

డాక్టరు చెడ్డవాడేం కాదు, కాకపోతే పిల్లుల తరఫు మనిషి. "చదువుకున్నదానివి, ఎవరినన్నా ఒక్క మాట అడగొద్దా? తప్పు నువ్వు చేసి, దాన్ని ఇల్లు దాటిస్తున్నావా?" అని బాగానే పెట్టాడు గడ్డి. కోడలు తల వంచుకుని "తెలియలేదండీ" అంది.

తనకి తెలుసు. నాకు చెప్పబోయింది కూడా. నేనేమో గోడమీద ఏదో పటం ఉంటే అటు తిరిగి చూస్తూ నిలబడ్డాను. ఏం పటమో చెప్పమంటే చెప్పలేను. అంతస్తు ఈ చివర అరిస్తే ఆ చివర చీపుళ్ళు కదిలేవే, ఆ గొంతు "కాదండీ, నేను" అనడానికి పెగల్లేదు. ఎంత సిగ్గుమాలినదాన్ని!

డాక్టరు ఇంకేదో ద్రావకం సీసా ఇచ్చాడు. సబ్బునీళ్ళతో కడిగి ఇది చల్లితే ఆ వాసన విరిగిపోతుందట.

బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. బుట్ట నా ఒళ్ళోనే ఉంది. మేనేజరు కదలకుండా ముడుచుకుని పడుకున్నాడు, వాడి వెచ్చదనం నా మోకాళ్ళకి తగులుతోంది. నాకు కళ్ళు చెమర్చాయి. ఎంత మంచి పిల్ల! బయటివాళ్ళ ముందు అత్తగారి పరువు పోకూడదని మాట తనమీద వేసుకుంది. కన్నకూతురైతే మాత్రం ఇంతకంటే చేసేదా అనుకున్నాను. ఆ మాట తన నోట వినాలనిపించింది. అదీ నా ఆశ.

"ఎందుకమ్మా అలా అన్నావు? మా అత్తయ్య తుడుస్తుందని చెప్పాల్సింది" అన్నాను.

కోడలు కిటికీలోంచి చూస్తూనే ఉంది. మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. స్టాపు పేరు చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మీ పేరు చెబితే ఇంటికొచ్చాక అరుస్తారు కదత్తయ్యా. డాక్టరుగారి తిట్లయితే అక్కడితో అయిపోతాయి."

పరువు లేదు, ప్రేమా లేదు. ఉన్నది భయం. ఆ పిల్ల నా ఇంట్లో ఇన్నాళ్ళూ దేంతో బతుకుతోందో నాకు బస్సులో తెలిసింది.

"వీడిని ఇవ్వొద్దు. ఇంటికి తీసుకుపోదాం. ఆ మందు ఇవాళే పారబోస్తాను" అన్నాను.

"వద్దత్తయ్యా."

"నేను చెబుతున్నాగా!"

"పారబోస్తారు, నాకు తెలుసు. కానీ వీడు వెంటనే మానడు కదా. అలవాటు మీద ఎక్కడో ఒకచోట మళ్ళీ పోస్తాడు. మీకు మళ్ళీ కోపం వస్తుంది. నేను షాపునుంచి మెట్లెక్కి వస్తున్నంతసేపూ ఇవాళేమైందోనని గుండె దడదడలాడుతూ ఉంటుంది. ఇక నావల్ల కాదు. వీడైనా హాయిగా ఉంటాడు."

వీడైనా అంది. ఇంకేమని బతిమాలను?

స్టాపు వచ్చింది. దిగాక కోడలు నా చేతిలోని బుట్ట అందుకుంది. నేను వదల్లేదు. వదలకూడదనే పట్టుకున్నాను. "ఇవ్వండత్తయ్యా" అని మెల్లగా లాక్కుంది. మేనేజరు బుట్ట సందుల్లోంచి తన మొహం చూసి మ్యావ్ అన్నాడు. వాడిని పలకరిస్తూ క్యాషియరమ్మ ఇల్లున్న సందులోకి వెళ్ళిపోయింది. నేను స్టాపులో బల్లమీద కూలబడ్డాను.

చాలాసేపటికి వచ్చింది. బుట్ట కూడా అక్కడే ఇచ్చేసింది. మొహం కడుక్కుని వచ్చినట్టుంది, చెవుల దగ్గర వెంట్రుకలు తడిగా ఉన్నాయి. "పదండత్తయ్యా, బస్సొస్తోంది" అంది.

ఇంటికి రాగానే నీలం డబ్బా తీసుకెళ్ళి పారబోసి, డాక్టరు చెప్పినట్టు గోడలూ మూలలూ కడిగాను. కోడలు వచ్చి బకెట్టు అందుకోబోతే కూర్చోమన్నాను. కూర్చుంది, కుర్చీ అంచు మీద.

సాయంత్రం మావాడు వచ్చాడు. గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి, "అబ్బ, ఇల్లు ఇల్లులా ఉంది! నువ్వే కరెక్టమ్మా, ఎప్పుడో ఇచ్చేయాల్సింది" అన్నాడు. అన్నాక పెళ్ళాం మొహం చూసి, గొంతు తగ్గించి, "డాక్టరేమన్నాడు?" అని అడిగాడు.

"రోగమేం లేదన్నారు" అని కోడలు కంచం పెట్టింది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పదు కూడా. నేను నోరు మూసుకుని తింటే ఆ మాట అక్కడితో సరి. మావాడు కలకాలం అమ్మే కరెక్టనుకుంటాడు.

కంచం పక్కకి నెట్టాను.

"నేనేం కరెక్టురా? నా మందు వాసనకే పోశాడు వాడు! ఈ పిల్ల ముందే చెప్పబోతే నోరు మూయించాను. డాక్టరు దగ్గర నా బదులు ఈ పిల్ల తిట్లు తింటుంటే గుడ్లప్పగించి చూశాను. తప్పంతా నాది! వినబడిందా?"

వినబడకేం, పక్కింటికి కూడా వినబడి ఉంటుంది. మావాడి చెయ్యి కంచంలో ఆగిపోయింది. వంటగదిలో గిన్నె కిందపడ్డ చప్పుడు. కోడలు పరిగెత్తినట్టు వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడింది.

"అరవకండత్తయ్యా, మీరేం చెయ్యలేదు, తప్పు నాదే" అంది.

నేను అరవడం లేదే తల్లీ అన్నాను. అరుస్తూనే అన్నాను.