నాలుగో దెబ్బ

గద్వాలలో అనంతమ్మ నోటికి జడవని నేతగాడు లేడు. ఎవరి చీరలో పోగు తేడా వచ్చినా ఉతికి ఆరేస్తుంది. అలాంటి మనిషిని ఆ సాయంత్రం ఒక్క ఇంగ్లీషు మాట పరేషాన్ చేసింది.

మాట మనవరాలు ప్రియది. మర్నాడు బడికొచ్చే అతిథులకు ప్రియ స్వాగతం చెప్పాలి. అందులో ‘ఎంథూజియాస్టిక్లీ’ దగ్గరకు రాగానే పిల్ల నాలుక మడతపడుతోంది. పొద్దుటికి రాకపోతే ఇంకో పిల్లతో చెప్పిస్తానని టీచరు మొహం మీదే అనేసింది.

"నాతోని కాదవ్వా," అని ప్రియ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఏడుస్తే వస్తదా? చీరంతా ఒక్కపారే నేస్తమా ఏంది? ముక్కలు చేసి చెప్పు," అంది అనంతమ్మ, మగ్గం మీద నుంచి కదలకుండానే.

"ఎన్, థూ, జి, యాస్, టిక్, లీ. ఆరు ముక్కలు. ఎంథూజియాజం అనే మాట తోక మార్చి, ఆఖరుకు లీ అతికిన్రు."

"గంతేనా! మనం చీరకు కొంగు అతికినట్లే. ఏ ముక్క గట్టిగ కొట్టాలె?"

"నాలుగోది. యాస్."

"నువ్వు ఆరూ గట్టిగనే కొడుతున్నవ్, గందుకే ఆయాసం. జర నా చెయ్యి చూసుకుంట అను."

టక్, టక్, టక్, ధన్! టక్, టక్. పోగు మోసుకుంటూ నాడె అటూ ఇటూ పరుగెత్తింది, ప్రతి పోగు మీదా మగ్గం పలక దెబ్బ పడింది. పదిసార్లకు మాట గాడిలో పడింది. ఇరవైసార్లకు పిల్లకు నవ్వొచ్చింది.

అంతలో కొడుకు బాలకృష్ణ వచ్చి మగ్గం వైపు చూశాడు. "అమ్మా, ఏం నేసినవే! అన్నీ గీతలే!"

నిజమే. జానెడు మేర, ఆరు దెబ్బలకొక గట్టి గీత. అనంతమ్మ చేతిలో ఇన్నేళ్లకు అదే మొదటి తప్పు. ప్రియ మొహం మాడిపోయింది.

"నువ్వు రేపటి సంగతి చూసుకో. ఇది నేను విప్పుత," అంది అనంతమ్మ.

అందుకే మర్నాడు బడికి పోలేకపోయింది. గీతలు విప్పుతూనే ఉంది, ప్రాణమంతా గుమ్మం వైపే. మధ్యాహ్నం దాటాక ప్రియ ఉరికొచ్చింది.

"చెప్పిన అవ్వా! ఆ మాట కాడ జర ఆగిన. నీ చెయ్యి యాదికొచ్చింది. చప్పట్లే చప్పట్లు!"

అనంతమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "ఇంతకూ దానికి అర్థమేందే?"

"సంబురంగ అని, అవ్వా."

"ఓస్, సంబురంగనా!"

ఇంకొక్క గీతే మిగిలింది. ప్రియ విప్పబోతే అనంతమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"గదొక్కటి ఉండనియ్యి బిడ్డా. కుచ్చిళ్లల్ల ఎవరికీ కనపడది."