వినీల సంచిలో సీసాలు

వినీల లాయరు చదువు చదువుతానన్న రోజు నుంచే తల్లి ప్రమీలమ్మ మనసులో ఒక ముల్లు ఉంది. ఇంటర్ అయ్యాక ఊళ్లో ఆడపిల్లలు ఇంజనీరింగుకో నర్సింగుకో పోతుంటే, ఈ పిల్ల ఇంట్లో చెప్పకుండా నెల్లూరు పోయి లాసెట్ రాసి వచ్చింది. పరీక్షకే చెప్పకుండా పోయిన పిల్ల రేపు ఇంకేం చెప్పకుండా చేస్తుందో అని ప్రమీలమ్మ అప్పుడే అనుకుంది. చెంచురామయ్య మాత్రం కూతురి ర్యాంకు గురించి టీ అంగడి దగ్గర వారం రోజులు మాట్లాడాడు. నెల్లూరు కాలేజీలో చేర్పించి వస్తూ హాస్టల్ గేటు దగ్గర ఒక్కటే మాట అన్నాడు.

"నా పేరు ఊళ్లో నలుగురి నోట్లో పడే పని చేసినావంటే, ఆ రోజుతో నీ చదువు సరి."

మొదటి ఏడాది వినీల ఫోన్లో ఏడ్చేది. తోటపల్లి గూడూరులో తెలుగు మీడియం చదివిన పిల్లకు పాఠాలన్నీ ఇంగ్లీషులో చెబితే ఏం అర్థమవుతుంది? కొన్నాళ్లకు ఏడుపు ఆగిపోయింది. ఎవరు ఓదార్చారో అని తల్లికి అదొక అనుమానం. ఆ తర్వాత సెలవులకు వచ్చినప్పుడల్లా కరెంటు బిల్లు వెనక, మందు సీసా మీద ఉండే చిన్న అక్షరాలు కూడా కూర్చుని చదివేది. కాలేజీలో కోర్టు లాగా పెట్టి వాదించే పోటీలో గెలిచి, నల్లకోటు వేసుకున్న ఫోటో పంపింది. ఆ కోటు ఇంటికి వచ్చినప్పుడు, ఉతకడానికి తీసినట్టు తీసి ప్రమీలమ్మ జేబులన్నీ తడిమి చూసింది. బస్సు టిక్కెట్లు, ఒక తలపిన్ను తప్ప ఏమీ లేవు. అయినా ముల్లు పోలేదు.

ఇప్పుడు ఆఖరి ఏడాది. అంతకు ముందు నెలకోసారి కూడా రాని పిల్ల ఆదివారం ఆదివారం దిగబడుతోంది. వచ్చినది ఇంట్లో ఉంటుందా అంటే అదీ లేదు. ఒకరోజు మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తూ ప్రమీలమ్మ చూసింది. పక్కవీధి కామాక్షమ్మ ఇంటి బోరు దగ్గర వినీల నిలబడి, అటూ ఇటూ చూసి, సీసాల్లో నీళ్లు పట్టి సంచిలో పెట్టుకుంటోంది.

ఆ చుట్టుపక్కల నీళ్ల సీసా పట్టుకుని ఎవరు పోయినా యాడికని అడిగే పని లేదు. రొయ్యల గుంటలున్న ప్రతివాడూ గూడూరు రోడ్డులో ఉన్న ల్యాబుకు నీళ్లు పరీక్షకు తీసుకుపోతాడు. వినీలకు గుంట ఏముంది? తమ పొలం గుంటలకిచ్చి మూడేళ్లయింది. ఆ నీళ్ల సంగతి కౌలుకు తీసుకున్నవాడే చూసుకుంటాడు. మరి ఈ పిల్లకు ల్యాబులో పనేంటి? ల్యాబులో ఉండేది పెంచలప్రసాద్ అనే పెళ్లికాని పిల్లోడని తెలిసేసరికి ప్రమీలమ్మకు అన్నం సయించలేదు. మొగుడి చెవిన పడితే చదువు ఆగిపోతుంది. ఇంకొక్క ఏడాది. ఆ పిల్లోడినే నిలదీసి, గుట్టుగా తెంపేయాలనుకుంది.

తర్వాతి ఆదివారం జాకెట్లు కుట్టించుకోవాలని చెప్పి, కూతురు ఎక్కిన బస్సు వెనక ఆటోలో బయలుదేరింది. వినీల ల్యాబులోంచి బయటికి వచ్చి నెల్లూరు బస్సు ఎక్కేదాకా కొబ్బరిబోండాల బండి చాటున ఆగి, లోపలికి పోయింది.

"ఏ గుంట నీళ్లమ్మా?" అన్నాడు పెంచలప్రసాద్ తలెత్తకుండా.

"ఇప్పుడు పోయిందే, ఆ పిల్ల నీకేమవుతాది నాయనా?"

అతను బిత్తరపోయి చూశాడు. "నాకేమవుతాదమ్మా! ఆమె వచ్చిందంటే నాకు చెమటలు పడతాయి. సీసా మూత తీసినది నువ్వేనా, వేరేవాళ్లు తాకినారా, ఫ్రిజ్జుకు తాళం ఉండాదా... పోలీసోళ్లు కూడా ఇట్టా అడగరు. పోనీ మా రిపోర్టు కోర్టులో పనికొస్తాదా అంటే, పనికిరాదని ఆమే చెప్తాది. ముందు సంగతి తెలుసుకోడానికంట."

"ఏం సంగతి?"

"అవి గుంట నీళ్లు కాదమ్మా. కామాక్షమ్మ గారని, వాళ్ల బోరు నీళ్లంట. నెలనెలకు ఉప్పు పెరగతా ఉండాది. రొయ్య బతుకుతాది గానీ మనిషి తాగేవి కాదు. మీరు ఎవరమ్మా?"

ప్రమీలమ్మ అప్పటికే గుమ్మం దాటింది. ఇంటికి పోకుండా నేరుగా కామాక్షమ్మ గడప ముందు ఆగింది. మూడేళ్లుగా ఆమె ఎదురుపడితే మొహం తిప్పుకుంటుంటే, పొలం గుంటలకిచ్చి బాగుపడ్డామని కడుపుమంట అనుకునేది.

"పొద్దున ఈ ఉప్పునీళ్లలో వేసిన పప్పు, మధ్యాహ్నమయినా ఇంకా రాళ్ల మాదిరి ఉండాది, చూడు," అంది కామాక్షమ్మ, లోపలికి రమ్మనకుండానే. "మీ గుంట నీళ్లు మా పక్క కాలవలోకి వదలతా ఉంటే బోరు ఏమవుతాది? మీకేం, క్యాన్ నీళ్లు. కనుక్కుని రమ్మని పంపినాడా మీ ఆయన? నేను ఎవరికీ ఏమీ చెప్పలేదని చెప్పు పో."

ఆ సాయంత్రమే ప్రమీలమ్మ ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదని కూతుర్ని రప్పించింది. వినీల దొడ్డి గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అందుకుంది.

"ఈ ఇంటి కూడు తిని, కన్నతండ్రి మీద కేసు కడతావా!"

వినీల బెదరలేదు. "నాయనను అడిగినాను అమ్మా. పిల్లకాయలు తలదూర్చే సంగతి కాదన్నాడు. కాలేజీలో డబ్బులు తీసుకోకుండా కోర్టు సాయం చేసే కేంద్రం ఉండాది. కామాక్షమ్మ పెద్దమ్మను అక్కడికి తీసుకుపోతా. అర్జీ వాళ్లు రాస్తారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే నాయనకు చెప్తావు గదా."

ప్రమీలమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. వినీల గొంతు తగ్గించి అంది. "ఇంకోటి కూడా ఉండాది. నోటీసు నాయనకు రాదు. ఆ పొలం తాతయ్య నీకు పసుపు కుంకుమ కింద ఇచ్చినది. నీ పేరునే ఉండాది. లీజు కాయితం మీద సంతకం నీది. కేసంటూ అయితే మొదట నీ పేరే రాస్తారు. అందుకే ఇన్ని ఆదివారాలు తిరగతా ఉండా, కేసు లేకుండా ఏమన్నా దారి ఉంటాదేమోనని."

ఆ సంతకం ప్రమీలమ్మకు గుర్తుంది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే, చేతులు తుడుచుకుని వచ్చి, మొగుడు వేలు పెట్టి చూపించిన చోట పెట్టి పోయింది.

చెంచురామయ్య వస్తూనే కండువా మంచం మీద విసిరాడు. "కామాక్షమ్మ మన మీద అర్జీ పెడతాదంట, టీ అంగడి దగ్గర అంటా ఉండారు. దానికి అంత తెలివి యాడిది? ఎవరో చదువుకున్నోళ్లు వెనక ఉండారు." ఆ మాట భార్యతో అంటూ కూతురి వైపు చూశాడు. "నువ్వేంది, మళ్లీ వచ్చినావు?"

"నాయనా, నేనే..." అని వినీల మొదలుపెట్టింది.

"నువ్వు నోర్మూసుకో," అంది ప్రమీలమ్మ. "పొలం మాటల్లో నీకేం పని? నేను పిలిస్తే వచ్చింది, నాకు కళ్లు తిరగతా ఉంటే." మొగుడి వైపు తిరిగింది. "కామాక్షమ్మ ఇంటికి పోయినది నేను. ఆ నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పుకషాయం. గుంటల కౌలోడికి చెప్పి కాలవలోకి పోయే తూము మూయించు."

"వాడు వింటాడా?"

"వినకపోతే వచ్చేసారి కాయితం మీద నేను సంతకం పెట్టను. పొలం నాది."

చెంచురామయ్య ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "ఇది నీకెవరు చెప్పినారు?"

"నా సంతకం సంగతి నాకు ఒకరు చెప్పాల్నా?"

ఆయన ఫోన్ తీసుకుని వాకిట్లోకి పోయాడు. తల్లీకూతుళ్లు తలుపు చాటున నిలబడ్డారు గానీ ఒక్క ముక్కా వినబడలేదు. చాలాసేపటికి లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చుని, నీళ్లడిగి తాగాడు.

"తూము మూసి, పైపు వేసి సముద్రంలోకి పోయే ఉప్పుకాలవకు మళ్లిస్తాడంట." తర్వాత కూతురి వైపు చూడకుండా అన్నాడు. "ఆఖరి పరీక్షలు ఎప్పుడు?"

"ఏప్రిల్లో నాయనా."

"రాసినాక రా. అందాక ఆదివారాలు ఈ ఊళ్లో నీకు పని లేదు. ఫీజు నేనే వచ్చి కడతా."

ఆయన స్నానానికి లేచాడు. నీళ్ల చప్పుడు మొదలయ్యేదాకా ఇద్దరూ కదల్లేదు.

"అమ్మా, నిజంగా మూస్తాడంటావా?"

"మెల్లగా మాట్లాడు," అంది ప్రమీలమ్మ. "తెల్లారి నేనే పోయి చూసి వస్తా."