దొరగారి బిస్కెట్లు

మా అక్క బట్టలు కుట్టే గదిలో ఒక మిషను, ఒక నిలువుటద్దం, వాటి మధ్య దూడంత కుక్క ఉండేవి. దాన్ని అందరం దొర అనేవాళ్ళం. కొలతల కోసం అక్క ఎవరి నడుముకు టేపు చుట్టినా దొర గుర్రుమనేవాడు. అక్క వెంటనే జేబులోంచి బిస్కెట్ తీసి వాడి నోట్లో పెట్టేది. గుర్రు ఆగేది, పని సాగేది.

ఆ బిస్కెట్లు నిజానికి అక్కవే. షుగర్ ఇంజెక్షన్ వేసుకున్నాక షుగర్ మరీ పడిపోయి కళ్ళు తిరిగితే తినడానికి దగ్గర పెట్టుకుంది. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి, దొరను మాత్రం పొట్లాలకు పొట్లాలు మేపేది.

“మీరు వాణ్ణి ఊరుకోబెట్టడం లేదమ్మా, గుర్రుమన్నందుకు జీతం ఇస్తున్నారు,” అన్నాడు పశువుల డాక్టరు. “ఎవరైనా వచ్చేముందే పక్కగదిలో కట్టేయండి. చాప మీద బుద్ధిగా పడుకుంటేనే తిండి పెట్టండి.”

అక్క నవ్వేసింది. “వాడికి నేనంటే ప్రాణం. నువ్వు చూసుకుంటున్నావా ఏంటే నన్ను అంతలా?” అని మధ్యలో నన్ను దెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాత గిరాకీలు గేటు దగ్గరే బట్టలిచ్చి వెళ్ళడం మొదలుపెట్టారు. ఓ రోజు అక్క భుజం మీద చెయ్యేశానని దొర నా జాకెట్టు చెయ్యి చించాడు. అప్పుడూ వాడికి బిస్కెట్ దక్కింది.

నిన్న మధ్యాహ్నం అక్క ఫోనెత్తలేదు. నా దగ్గరున్న తాళంతో తలుపు తీశాను. మిషనుకు ఆనుకుని నేల మీద ఉంది, ఒళ్ళంతా చెమట, కళ్ళు సగం మూతపడ్డాయి. దొర ఆమె కాళ్ళ మీద అడ్డంగా పడుకున్నాడు.

నేను అడుగు వేయగానే లేచి పళ్ళు బయటపెట్టాడు. అక్కడే ఆగిపోయాను.

“అక్కా, జేబులో బిస్కెట్ ఉంటుంది, తినవే!”

విన్నది. చెయ్యి మెల్లగా జేబులోకి వెళ్ళింది. ఒక్కటే మిగిలింది. వణుకుతూ దాన్ని పెదవుల దాకా తెచ్చుకుంది. నా ప్రాణం లేచి వచ్చింది, మరో అడుగు వేశాను.

దొర గుర్రుమన్నాడు.

అక్క చెయ్యి ఆగింది. కళ్ళు తెరవకుండానే, అలవాటు కొద్దీ, ఆ బిస్కెట్ వాడి నోటికి అందించింది.

వాడు నమిలి మింగాడు. ఆమె వేళ్ళు శుభ్రంగా నాకాడు. నా వైపు తిరిగి మళ్ళీ గుర్రుమన్నాడు. అక్క చెయ్యి ఖాళీ జేబులో ఇంకా వెతుకుతోంది.